పీత స్టార్టర్: ఓవెన్‌లో ఉండేది 15 నిమిషాలే.. అసలు పని అంతకుముందే! ఇంట్లో బేక్డ్ క్రాబ్ చేసేటప్పుడు ఈ తప్పులు చేయొద్దు

ఆదివారం వచ్చిందంటే కోస్తా ఇళ్లల్లో పీతల ఇగురో, పులుసో పొయ్యి మీద ఉండాల్సిందే. తెలంగాణ పల్లెల్లో అయితే ఎండ్రకాయల పులుసు. ఇప్పుడు చాలా ఇళ్లల్లోకి ఓవెన్లు, ఎయిర్ ఫ్రైయర్లు వచ్చేశాయి. దాంతో అదే పీత కొత్త వేషంలో స్టార్టర్‌గా టేబుల్ మీదకు వస్తోంది. మాంసం ఒలిచి, మసాలా కలిపి, మళ్లీ ఆ డిప్పలోనే నింపి, పైన బ్రెడ్ పొడి, చీజ్ చల్లి ఓవెన్‌లో పెట్టడమే ఈ వంటకం. గోవాలో ఇలా డిప్పలో నింపి బేక్ చేసే పద్ధతి ఉంది. అమెరికాలో మేరీల్యాండ్ రాష్ట్రానికి క్రాబ్ కేక్‌లతోనే పేరొచ్చింది.

ఒక్క నిమిషం వీడియోలో చూస్తే ఇది చాలా ఈజీ. ఇంట్లో చేస్తే మాత్రం కొందరికి డిప్పలో నీళ్లు ఊరిపోతాయి. ఇంకొందరికి పంటి కింద పెంకు ముక్క కరకరమంటుంది. మరికొందరి ఇంట్లో వంటంతా అయ్యాక నీచు వాసన కొడుతుంది. అప్పుడు అందరూ ఓవెన్‌నే తిట్టుకుంటారు. కానీ ఓవెన్ తప్పేమీ లేదు. అందులోకి వెళ్లేసరికే పీత ఉడికిపోయి ఉంటుంది. ఓవెన్ దాన్ని వేడి చేసి, పైన ఎర్రగా కాలుస్తుంది, అంతే. పీత ఎలాంటిది కొన్నారు, మాంసం ఎంత పొడిగా తీశారు, బయట ఎంతసేపు ఉంచారు అనే మూడింటి మీదే రుచి, ఆరోగ్యం రెండూ ఆధారపడి ఉంటాయి. మరి ఎక్కడెక్కడ జాగ్రత్త పడాలో చూద్దాం.

మార్కెట్‌లో ఏం చూడాలి?

పీత చనిపోగానే దాని పొట్టలోని జీర్ణరసాలు, బ్యాక్టీరియా కలిసి మాంసాన్ని త్వరగా మెత్తబరుస్తాయి. చేప కంటే పీత తొందరగా పాడయ్యేది ఇందుకే. తర్వాత ఎంత మసాలా వేసినా, ఎంత చీజ్ కప్పినా ఆ వాసన పోదు.

మండ పీతలు తడి ఆరకుండా ఉంచితే నీళ్ల బయట కూడా కొన్ని రోజులు బతుకుతాయి. అందుకే వాటిని కాళ్లు కట్టేసి ప్రాణంతోనే అమ్ముతారు. మండ పీత కదలకుండా పడి ఉంటే, "ఇప్పుడే పోయింది, రేటు తగ్గిస్తా" అని అన్నా తీసుకోకపోవడమే మంచిది.

సముద్ర పీతల సంగతి వేరు. అవి నీళ్లలోంచి తీశాక ఎక్కువసేపు బతకవు. విశాఖ ఫిషింగ్ హార్బర్, కాకినాడ, నిజాంపట్నం లాంటి చోట్ల అప్పుడే దిగినవి దొరుకుతాయి. హైదరాబాద్ లాంటి ఊళ్లకు మాత్రం ఐస్‌లోనే వస్తాయి. ఐస్ పీత కొనేటప్పుడు ఈ విషయాలు గమనించాలి.

- కాళ్లు ఎత్తి చూస్తే బిగుతుగా ఉండాలి. వేలాడిపోతుంటే పాతదే.
- కీళ్ల దగ్గర, పొట్ట వైపు నల్లబారకూడదు.
- సముద్రపు వాసన రావాలి. ఘాటైన అమ్మోనియా వాసన వస్తే వెంటనే పక్కన పెట్టాలి.
- సైజుకు తగ్గ బరువు ఉండాలి. చేతిలో పెట్టుకుంటే బోలుగా అనిపించే పీత ఈమధ్యే పెంకు మార్చుకుని ఉండొచ్చు. అలాంటి దానిలో మాంసం తక్కువ, నీరు ఎక్కువ.

పొట్ట కింద ఉండే రేకు సన్నగా, కోణంలా ఉంటే మగ పీత. వెడల్పుగా, గుండ్రంగా ఉంటే ఆడది. ఆ రేకు కింద బయటికే గుడ్ల గుత్తి కనిపించే పీతల్ని కొనకుండా వదిలేయడం మంచిది. ఒక్కో గుత్తిలో లక్షల్లో గుడ్లు ఉంటాయి. ఈ ఏడాది వాటిని తినేస్తే వచ్చే ఏడాది వలలో పడే పీతలు తగ్గుతాయి. పైగా బేకింగ్‌కు కావాల్సింది మాంసం, గుడ్లు కావు.

పొలాల్లో, కాల్వల్లో దొరికే చిన్న ఎండ్రకాయలు ఈ వంటకానికి పనికిరావు. వాటిలో ఒలవడానికి మాంసమే ఉండదు. కొన్ని ప్రాంతాల్లో మంచినీటి పీతల్లో ఊపిరితిత్తులకు చేటు చేసే పరాన్నజీవి కూడా ఉంటుంది. వాటిని పులుసులో బాగా ఉడికించుకుని తినడమే సరైన పద్ధతి.

లెక్క ఎంత?

కిలో పీతలు తెస్తే ఒలిచాక చేతికొచ్చే మాంసం దాదాపు పావు కిలోనే. పీతను, ఒలిచే ఓపికను బట్టి కొంచెం అటూ ఇటూ అవుతుంది. ఈ లెక్క తెలియక పది మందికి కిలో పీతలు తెచ్చి ఇబ్బంది పడేవాళ్లు ఎక్కువ. స్టార్టర్‌గా అయితే మనిషికి ఒక డిప్ప చాలు. ఐదుగురికి కిలో లెక్క వేసుకోవచ్చు.

ఉడికించడం.. నీళ్లలో కాదు, ఆవిరి మీద

ప్రాణమున్న పీతను నేరుగా మరిగే నీళ్లలో వేస్తే గింజుకుంటుంది, కాళ్లు కూడా ఊడిపోతాయి. ముందు ఐస్ నీళ్లలోనో, ఫ్రీజర్‌లోనో కనీసం 20 నుంచి 30 నిమిషాలు పెడితే కదలిక పూర్తిగా ఆగిపోతుంది. మండ పీత పెద్దదైతే ఇంకాస్త టైమ్ పడుతుంది. అప్పటిదాకా కాళ్లకు కట్టిన తాడు విప్పకూడదు. దాని పట్టులో వేలు పడితే నలిగిపోతుంది.

తర్వాత బ్రష్‌తో బురద పోయేలా కడిగి, ఇడ్లీ పాత్రలోనో, పెద్ద గిన్నెలో స్టాండ్ పెట్టో ఆవిరి మీద ఉడికించాలి. 200 నుంచి 250 గ్రాముల పీతకు 10 నుంచి 12 నిమిషాలు, అరకిలో పీతకు 15 నుంచి 18 నిమిషాలు సరిపోతాయి. ఆవిరే ఎందుకంటే, నీళ్లలో ఉడికిస్తే మాంసం నీరు పీల్చుకుంటుంది. బేకింగ్‌లో అదే నీరు బయటికొచ్చి డిప్పను చిత్తడి చేస్తుంది.

ఉడికేటప్పుడు పీత ఎర్రబడటం అందరూ చూసేదే. ఆ ఎరుపు రంగు దాని పెంకులో ముందు నుంచే ఉంటుంది. ప్రాణంతో ఉన్నప్పుడు ఒక ప్రొటీన్ దాన్ని పట్టి ఉంచడంతో నీలంగా, ఆకుపచ్చగా కనిపిస్తుంది. వేడికి ఆ ప్రొటీన్ విడిపోగానే ఎరుపు బయటపడుతుంది. కానీ రంగు మారగానే ఉడికిపోయినట్టు కాదు. పెంకు మొదటి నిమిషాల్లోనే ఎర్రబడుతుంది, లోపలి మాంసానికి ఇంకా టైమ్ కావాలి. మాంసం గాజులా కాకుండా తెల్లగా మారి, పెంకు నుంచి సులువుగా విడివడితేనే ఉడికినట్టు.

ఒలిచేటప్పుడు స్టీలు పళ్లెం మర్చిపోవద్దు

చల్లారాక పొట్ట వైపు రేకు లాగేసి, డిప్పను విడదీయాలి. రెండు పక్కలా ఈకల్లా ఉండే మొప్పలు, నోటి దగ్గరి తిత్తి తీసి పారేయాలి. డిప్పలో ఉండే పసుపుపచ్చ గుజ్జు కొందరికి చాలా ఇష్టం. అయితే నీళ్లలోని కాడ్మియం లాంటి లోహాలు పేరుకునేది ఎక్కువగా అక్కడే. చిన్న పిల్లలకు, గర్భిణులకు పెట్టే వంటలో దాన్ని వాడకపోవడం మేలు.

నడుము భాగాన్ని రెండుగా కోసి, గదుల్లోంచి మాంసాన్ని సన్న చెంచాతోనో, టూత్‌పిక్‌తోనో తీయాలి. పెద్ద కాళ్లను అప్పడాల కర్రతో మెల్లగా కొడితే చాలు. గట్టిగా బాదితే పెంకు చిట్లి మాంసంలో కలిసిపోతుంది.

ఇక పెంకు ముక్కలు ఏరడానికి ఓ చిట్కా ఉంది. ఒలిచిన మాంసాన్ని కొంచెం కొంచెంగా స్టీలు పళ్లెంలో రాల్చాలి. మాంసం చప్పుడు లేకుండా పడుతుంది. పెంకు ముక్క ఉంటే "టిక్" మంటుంది. ఇలా చేశాక వేళ్లతో మరోసారి తడిమి చూసుకోవాలి. పిల్లలు, పెద్దవాళ్లు తినే ఇంట్లో ఈ పది నిమిషాలు అస్సలు ఆదా చేయకూడదు.

చివరగా మాంసాన్ని శుభ్రమైన పల్చటి గుడ్డలో వేసి మెల్లగా పిండాలి. చాలామంది వదిలేసే పని ఇదే. తడి ఉన్నంతసేపు ఓవెన్ వేడంతా ఆ నీటిని ఆవిరి చేయడానికే సరిపోతుంది. నీరు 100 డిగ్రీల దగ్గరే ఆవిరైపోతుంది, పైపొర ఎర్రగా కాలాలంటే అక్కడ 140 డిగ్రీల వరకూ వేడి చేరాలి. అందుకే తడి మాంసం పైన క్రిస్పీగా రాదు.

ఐదు డిప్పలకు కావాల్సినవి

- ఒలిచిన పీత మాంసం: 250 గ్రాములు
- శుభ్రం చేసిన డిప్పలు: 5
- సన్నగా తరిగిన ఉల్లిపాయ: 1
- పచ్చిమిర్చి: 2
- అల్లం వెల్లుల్లి ముద్ద: 1 టీస్పూన్
- కరివేపాకు: 1 రెమ్మ, కొత్తిమీర: కొద్దిగా
- పసుపు: చిటికెడు, కారం: అర టీస్పూన్, ధనియాల పొడి: అర టీస్పూన్
- మిరియాల పొడి: అర టీస్పూన్
- వెన్న: 2 టేబుల్ స్పూన్లు
- మైదా: 1 టేబుల్ స్పూన్, పాలు: 100 మిల్లీలీటర్లు
- నిమ్మరసం: 1 టీస్పూన్
- బ్రెడ్ పొడి: 3 టేబుల్ స్పూన్లు, తురిమిన చీజ్: 30 గ్రాములు
- ఉప్పు: రుచి చూశాకే

తయారీ ఇలా..

ముందుగా డిప్పల్ని లోపలా బయటా బ్రష్‌తో రుద్ది, ఐదు నిమిషాలు మరిగే నీళ్లలో ఉంచి, పూర్తిగా ఆరబెట్టాలి.

బాణలిలో సగం వెన్న వేసి ఉల్లిపాయ, పచ్చిమిర్చి, కరివేపాకు మెత్తబడేదాకా వేయించాలి. అల్లం వెల్లుల్లి పచ్చివాసన పోయాక పసుపు, కారం, ధనియాల పొడి వేయాలి. తర్వాత మైదా చల్లి ఒక నిమిషం వేయించి, మంట తగ్గించి పాలు కొంచెం కొంచెంగా పోస్తూ ఉండ కట్టకుండా కలపాలి. గరిట వెనక అంటుకునేంత చిక్కబడగానే స్టవ్ ఆపేయాలి. ఇప్పుడు పీత మాంసం, మిరియాల పొడి, నిమ్మరసం, కొత్తిమీర వేసి మెల్లగా కలపాలి. గరిటతో చిదిమితే మాంసం పోగులు ముద్దయిపోతాయి.

ఉప్పు విషయంలో తొందర వద్దు. సముద్ర పీతలో ఉప్పదనం ముందే ఉంటుంది, చీజ్‌లోనూ ఉంటుంది. రుచి చూసి, తక్కువైతేనే చిటికెడు వేసుకోవాలి.

మిశ్రమాన్ని డిప్పల్లో నింపాలి. మిగిలిన వెన్న కరిగించి బ్రెడ్ పొడిలో కలిపి, చీజ్‌తో పాటు పైన చల్లాలి. ఓవెన్‌ను 200 డిగ్రీల సెల్సియస్ దగ్గర 10 నిమిషాలు ముందే వేడి చేసుకుని, మధ్య అరలో 12 నుంచి 15 నిమిషాలు పెట్టాలి. చివరి రెండు నిమిషాలు పై రాడ్ మాత్రమే ఆన్ చేస్తే పైన బంగారు రంగు వస్తుంది. అంతకంటే ఎక్కువసేపు ఉంచితే పీత మాంసం నీరు వదిలేసి రబ్బరులా సాగుతుంది.

నింపిన డిప్పల్ని ఫ్రిజ్‌లోంచి తీసి పెడుతున్నట్టయితే 180 డిగ్రీల దగ్గర 20 నుంచి 25 నిమిషాలు పడుతుంది. వంటింటి థర్మామీటర్ ఉంటే మధ్యలో 74 డిగ్రీలు చూపించాలి. లేకపోతే మధ్యలో చెంచా గుచ్చి తీస్తే పొగలు కక్కాలి.

ఓవెన్ లేకపోతే?

ఎయిర్ ఫ్రైయర్‌లో 180 డిగ్రీల దగ్గర 8 నుంచి 10 నిమిషాలు చాలు. మైక్రోవేవ్ ఉన్నవాళ్లు కన్వెక్షన్ మోడ్‌లోనే పెట్టాలి. మామూలు మైక్రోవేవ్ మోడ్ వేడి చేస్తుంది గానీ కాల్చదు.

ప్రెషర్ కుక్కర్ కూడా పనికొస్తుంది. గాస్కెట్, విజిల్ తీసేసి, అడుగున ఉప్పు పోసి స్టాండ్ పెట్టి, 10 నిమిషాలు వేడెక్కాక డిప్పలున్న పళ్లెం ఉంచాలి. సన్న మంట మీద 20 నిమిషాలు. ఇందులో పైభాగం ఎర్రబడదు కాబట్టి, బ్రెడ్ పొడిని ముందే పెనం మీద వెన్నతో దోరగా వేయించి చివర్లో చల్లుకోవాలి.

డిప్పలు దొరక్కపోతే బ్రెడ్ స్లైసుల అంచులు తీసి, అప్పడాల కర్రతో పల్చగా ఒత్తి, వెన్న రాసిన కప్ కేక్ అచ్చుల్లో నొక్కి అందులో నింపొచ్చు. పిల్లలకు చేతిలో పట్టుకుని తినడానికి ఇవే వీలు.

షాపులో దొరికే క్రాబ్ స్టిక్స్ వాడొచ్చా?

వాడొచ్చు గానీ అది పీత రుచి ఇవ్వదు. సూపర్ మార్కెట్‌లో ఎరుపు, తెలుపు రంగుల్లో దొరికే ఆ స్టిక్స్ ఎక్కువగా చేప మాంసం ముద్దతో, పిండి పదార్థం, గుడ్డు తెల్లసొన లాంటివి కలిపి తయారుచేసేవే. కొన్నింటిలో పీత రసం కొద్దిగా కలుపుతారు. లేబుల్ చదివి కొనాలి. అమెరికాలాంటి చోట్ల ఉండే తెలుగువాళ్లకు ఒలిచిన పీత మాంసం డబ్బాల్లో సులువుగా దొరుకుతుంది. వాటిలో పాశ్చరైజ్ చేసినవి ఫ్రిజ్‌లోనే ఉంచాలి. డబ్బానే కదా అని బయట అలమరలో పెట్టకూడదు.

పీతతో పాలు కలిపితే బొల్లి వస్తుందా?

ఈ వంటకం పేరు చెప్పగానే ఇంట్లో పెద్దవాళ్లు అడిగే మొదటి ప్రశ్న ఇదే. చేప, పీత లాంటివి పాలతో కలిపితే చర్మం మీద తెల్ల మచ్చలు వస్తాయన్న నమ్మకం మన దగ్గర పాతదే. కానీ దీనికి శాస్త్రీయ ఆధారం లేదు. శరీరంలోని రోగనిరోధక వ్యవస్థే చర్మానికి రంగునిచ్చే కణాలపై దాడి చేయడం బొల్లికి ప్రధాన కారణమని వైద్యశాస్త్రం చెబుతోంది. అయినా మనసొప్పకపోతే ఆవు పాల బదులు చిక్కటి కొబ్బరి పాలు పోసి, చీజ్ మానేయొచ్చు. రుచి ఏమాత్రం తగ్గదు.

అసలు భయపడాల్సింది దీని గురించి!

పీతతో నిజంగా ప్రాణం మీదకు వచ్చేది అలర్జీ వల్ల. రొయ్యలు, పీతల్లో ఉండే ట్రోపోమయోసిన్ అనే ప్రొటీన్ కొందరికి పడదు. ఎంత ఉడికించినా, కాల్చినా దాని ప్రభావం పోదు. రొయ్యలు పడనివాళ్లకు పీత కూడా పడకపోయే అవకాశం ఎక్కువ.

ఇగురు, పులుసు అయితే చూడగానే పీత అని తెలిసిపోతుంది. బ్రెడ్ కప్పులో చీజ్ కింద దాక్కున్న పీత మాత్రం తెలియదు. చీజ్ టోస్ట్ అనుకుని ఏ పిల్లాడో నోట్లో వేసుకోవచ్చు. అందుకే ట్రే టేబుల్ మీద పెట్టేటప్పుడే "ఇందులో పీత ఉంది" అని అందరికీ చెప్పాలి. అలర్జీ ఉన్నవాళ్లకు వేరే వంటకం, వేరే గరిట ఉంచాలి.

తిన్న కాసేపటికే నోరు దురద, ఒంటి మీద దద్దుర్లు, పెదాలు వాపు, ఊపిరాడకపోవడం లాంటివి కనిపిస్తే ఇంటి చిట్కాలతో టైమ్ వేస్ట్ చేయకూడదు. ముఖ్యంగా ఊపిరి ఇబ్బంది ఉంటే వెంటనే 108కి ఫోన్ చేయాలి.

వడ్డించేటప్పుడు గడియారం చూడాలి

డిప్పలు గుండ్రంగా ఉంటాయి కాబట్టి పళ్లెంలో అటూ ఇటూ ఒరిగిపోతాయి. కింద రాళ్ల ఉప్పు గానీ, సన్నగా తరిగిన క్యాబేజీ గానీ పరిస్తే కదలకుండా కూర్చుంటాయి. పక్కన నిమ్మచెక్క, ఉల్లిపాయ ముక్కలు, చిన్న చెంచా ఉంటే చాలు. ఓవెన్ నుంచి తీశాక రెండు, మూడు నిమిషాలు ఆగాలి. డిప్ప బయటికి చల్లగా అనిపించినా లోపల కాలిపోతూ ఉంటుంది.

అన్నీ ఒకేసారి బేక్ చేసి టేబుల్ మీద పెట్టేయడం పెద్ద పొరపాటు. 5 నుంచి 60 డిగ్రీల మధ్య వేడిలో బ్యాక్టీరియా వేగంగా పెరుగుతుంది. వండిన పీత బయట రెండు గంటలకు మించి ఉండకూడదు. 32 డిగ్రీలు దాటే మన ఎండాకాలంలో అయితే గంటే గడువు. చుట్టాలు వచ్చాకే మొదటి ట్రే, అది అయిపోయాక రెండో ట్రే పెడితే అందరికీ వేడివేడిగా అందుతుంది, భయమూ ఉండదు.

ముందురోజే పని తెముల్చుకోవాలంటే మాంసం ఒలిచి, మసాలా కలిపి, మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచుకోవచ్చు. బ్రెడ్ పొడి మాత్రం బేక్ చేసే ముందే చల్లాలి, లేకపోతే నానిపోతుంది. పచ్చి పీత కోసిన కత్తి, పలక సబ్బుతో కడగకుండా ఉడికిన మాంసానికి వాడకూడదు. పచ్చి పీత మీది బ్యాక్టీరియా అలాగే ఉడికినదానికి అంటుకుంటుంది. మిగిలినవి వెంటనే ఫ్రిజ్‌లో పెట్టి, మర్నాటికల్లా ఒక్కసారే బాగా వేడి చేసుకుని తినేయాలి.

ఆరోగ్యానికి ఎలా?

100 గ్రాముల ఉడికిన పీత మాంసంలో సుమారు 18 గ్రాముల ప్రొటీన్ ఉంటుంది, కొవ్వు చాలా తక్కువ. బీ12 విటమిన్, జింక్ కూడా దొరుకుతాయి. అయితే సోడియం సహజంగానే ఎక్కువ. దానికి వెన్న, చీజ్ తోడైతే బీపీ, గుండె జబ్బు ఉన్నవాళ్లు ఒక్క డిప్పతో ఆగడం మంచిది. యూరిక్ యాసిడ్ సమస్య ఉన్నవాళ్లు డాక్టర్‌ను అడిగి తినాలి.

మొత్తంగా చూస్తే బేక్డ్ క్రాబ్ పెద్ద హోటళ్లకే పరిమితమైన వంటకమేమీ కాదు. మంచి పీత, పొడి మాంసం, గడియారం మీద ఓ కన్ను ఉంటే చాలు. మిగతా పని ఓవెన్ 15 నిమిషాల్లో చేసేస్తుంది.

(గమనిక: ఈ కథనంలోని ఆరోగ్య సమాచారం అవగాహన కోసం మాత్రమే. అలర్జీలు, ఇతర ఆరోగ్య సమస్యలు ఉన్నవారు వైద్యుల సలహా తీసుకోవడం మంచిది.)